సొరోరిటీ రష్‌కి రెక్ లెటర్లు: ఎవరిని అడగాలి, ఏం పంపాలి, ఎంతవరకు పనికొస్తాయి

ప్రశ్న క్లుప్తంగా: "మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మాయికి అలబామా యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చింది. ఆగస్టులో సొరోరిటీ రిక్రూట్‌మెంట్‌లో పాల్గొంటానంటోంది. ప్రతి హౌస్‌కీ అలమ్నా రెకమెండేషన్ లెటర్ ఉండాలనీ, లేకపోతే మొదటి రోజే తీసేస్తారనీ తన ఫ్రెండ్స్ వాళ్ళ అమ్మలు చెబుతున్నారు. మాకు సొరోరిటీ వాళ్ళు ఒక్కరు కూడా తెలియదు. డబ్బిస్తే లెటర్లు ఏర్పాటు చేస్తామని ఒకావిడ మెసేజ్ పెట్టింది. ఏం చేయమంటారు?"

ఆవిడకి డబ్బివ్వకండి. మిగతాది నెమ్మదిగా చెప్పుకుందాం. ముందు మాటల అర్థాలు: సొరోరిటీ అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు చేరే సంఘం. క్యాంపస్‌లో దాని శాఖనే చాప్టర్ అనీ హౌస్ అనీ అంటారు. కొత్తవాళ్ళని ఎంచుకునే రిక్రూట్‌మెంట్‌కే వాడుక పేరు రష్. అలమ్నా అంటే పూర్వ సభ్యురాలు, ఆవిడ రాసే రెకమెండేషన్‌కి పొట్టిపేరు రెక్.

రెకమెండేషన్ లెటర్ అనగానే మనవాళ్ళకి సిఫారసు ఉత్తరం గుర్తొస్తుంది. పెద్దవాళ్ళెవరో ఒక ముక్క రాసిస్తే పనైపోతుంది, రాయించుకోలేనివాళ్ళ పని అంతే సంగతులు అని. మీ కంగారంతా అక్కణ్ణుంచి వచ్చిందే. రెక్ దానికంటే చాలా చిన్న వస్తువు. పెళ్ళిసంబంధాల్లో అమ్మాయి బయోడేటా పట్టుకెళ్ళి "వీళ్ళు మాకు తెలిసినవాళ్ళేనండీ" అని ఒక మాట వేసే మధ్యవర్తి ఉంటారు చూడండి, దాదాపు అంతే. ఆ మాట వల్ల బయోడేటాని ఒకసారి శ్రద్ధగా చూస్తారు. సంబంధం కుదరడం వేరే సంగతి.

ఇప్పుడు ఆ మాట అవసరమే ఉందా అంటే, పదేళ్ళ కిందట ఉన్నంత లేదు. అలబామాలో ఆగస్టులో జరిగే పెద్ద రిక్రూట్‌మెంట్ నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కిందికి వచ్చే సొరోరిటీలది. 1902లో మొదలైన ఈ సంఘంలో 26 సొరోరిటీలు ఉన్నాయి. ఒక్కోదానికి దేశవ్యాప్తంగా ఒక హెడ్‌క్వార్టర్స్, క్యాంపస్‌కి ఒక చాప్టర్. రెక్ కావాలా వద్దా అన్నది ఒక్కో సొరోరిటీ హెడ్‌క్వార్టర్స్ తనకు తాను పెట్టుకునే నియమం. యూనివర్సిటీకి దాంతో సంబంధం లేదు. అందుకే యూనివర్సిటీ పాన్‌హెలెనిక్ (క్యాంపస్‌లో ఈ సొరోరిటీల రిక్రూట్‌మెంట్ నడిపే ఆఫీసు) రిజిస్ట్రేషన్ ఫారంలో రెక్ అప్‌లోడ్ చేసే చోటు వెతుక్కోకండి. ఆ ఆఫీసుకి లెటర్లు పోస్టు చేసేవాళ్ళు ఏటా ఉంటారు, అవి ఏ హౌస్‌కీ చేరవు.

ఒకప్పుడు చాలా సొరోరిటీల్లో గట్టి నియమమే ఉండేది: రెక్ లేని అమ్మాయికి బిడ్, అంటే చేరమనే ఆహ్వానం, ఇవ్వకూడదని. ఆ నియమం ఎవరిని బయట ఉంచుతుందో 2013లో అలబామాలోనే బట్టబయలైంది. నల్లజాతి అమ్మాయిలను చాప్టర్లలోని విద్యార్థినులు తీసుకుందామన్నా పూర్వ సభ్యులు అడ్డుపడుతున్నారని అక్కడి విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ వైట్ సెప్టెంబర్‌లో బయటపెట్టింది. అప్పుడు వినిపించిన సాకుల్లో "రెక్ నియమం పూర్తి కాలేదు" అన్నదీ ఒకటి. అమ్మా అమ్మమ్మా సొరోరిటీలో లేని ఇంటి పిల్లకి రెక్ రాసేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? 2020 తర్వాత సొరోరిటీలు వరసగా ఈ నియమాన్ని ఎత్తేస్తూ వచ్చాయి. సభ్యుల కూతుళ్ళకీ చెల్లెళ్ళకీ ఇచ్చే లెగసీ మర్యాదని కూడా చాలామంది అప్పుడే తీసేశారు. కాబట్టి ఫ్రెండ్స్ వాళ్ళ అమ్మలు చెబుతున్నది అబద్ధం కాదు, పాత కబురు.

అలాగని పూర్తిగా పక్కన పెట్టేయమనీ అనను. టెక్సస్, అలబామా, మిసిసిపీ, జార్జియా, ఆర్కన్సా వైపు పెద్ద క్యాంపసుల్లో అలవాటు నియమం కంటే నిదానంగా పోతుంది. నియమం తీసేసిన సొరోరిటీల్లో కూడా పూర్వ సభ్యులు స్వచ్ఛందంగా పంపే పరిచయాలు తీసుకునేవి ఉన్నాయి. పేరు మాత్రం మారింది: ఒకచోట రిఫరెన్స్, ఒకచోట ఇంట్రడక్షన్, ఒకచోట రిక్రూట్‌మెంట్ ఇన్ఫర్మేషన్ ఫారం. అసలు తీసుకోనివీ ఉన్నాయి.

అందుకని మొదటి పని ఎవరినో అడగడం కాదు, ఒక స్ప్రెడ్‌షీట్ వేయడం. పాప వెళ్ళే యూనివర్సిటీ పాన్‌హెలెనిక్ పేజీ తెరిచి, ఆగస్టు రిక్రూట్‌మెంట్‌లో పాల్గొనే చాప్టర్ల పేర్లు మాత్రం రాసుకోమనండి. 26లో అన్నీ ప్రతి క్యాంపస్‌లోనూ ఉండవు, లేని చాప్టర్‌కి రెక్ తెచ్చుకుని లాభం లేదు. తర్వాత ఒక్కో సొరోరిటీ జాతీయ వెబ్‌సైట్‌కి వెళ్ళి మూడు సంగతులు చూడాలి. రెక్ తప్పనిసరా, ఐచ్ఛికమా, తీసుకోరా? రాసేవాళ్ళకి అమ్మాయి స్వయంగా తెలిసి ఉండాలా, లేక కాగితాలు చూసి రాయొచ్చా? గడువు ఎప్పుడు? పదిహేను ఇరవై హౌసులున్న క్యాంపస్‌కి ఇది ఒక సాయంత్రం పని. అది అయ్యేసరికి మీ జాబితా సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు.

ఈ పని చేసేటప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త. కప్పా డెల్టా, కప్పా కప్పా గామా, కప్పా ఆల్ఫా తీటా మూడూ వేరు. వాడుకలో ఉత్త "కప్పా" అంటే రెండోది, "తీటా" అంటే మూడోది. "జీటా" అంటే జీటా టావ్ ఆల్ఫా, డెల్టా జీటా కాదు. మన చెవికి మరీ చిక్కు తెచ్చేది డెల్టా గామా, డెల్టా జీటా: అమెరికన్లు పొట్టిగా పలికితే రెండూ మనకి "డీజీ" లాగే వినిపిస్తాయి. ఫోనులో విని రాసుకోకుండా గ్రీకు అక్షరాలు చూసి సరిచేసుకోండి. తీటా ఆవిడకి పంపిన ఈమెయిల్‌లో "కప్పాలో చేరాలని ఉంది" అని ఉంటే ఆవిడ నవ్వి ఊరుకోవచ్చు, ఊరుకోకపోవచ్చు కూడా.

రెక్ ఎవరు రాయాలి? ఏ సొరోరిటీకి రెక్ కావాలో ఆ సొరోరిటీలో ఇనీషియేషన్ (పూర్తి సభ్యత్వం ఇచ్చే వేడుక) అయి, చదువు పూర్తి చేసుకున్న పూర్వ సభ్యురాలు. ఆవిడ ఏ కాలేజీలో చదివారన్నది లెక్కలోకి రాదు. ముప్పై ఏళ్ళ కిందట కాన్సస్‌లో చేరినావిడ అలబామా చాప్టర్‌కి రాయొచ్చు. స్కూలు ప్రిన్సిపాలూ గుడి ట్రస్టీ ఎంత గొప్పగా రాసినా అది రెక్ కిందికి రాదు. హౌస్‌కి ఒకటి చాలు. "మూడేసి ఉండాలి, లేకపోతే తూగదు" అని చెప్పేవాళ్ళున్నారు, పట్టించుకోకండి. రెండో లెటర్‌లో కొత్త సంగతేమీ ఉండదని చదివేవాళ్ళకీ తెలుసు.

"మాకెవరూ తెలియదు" అన్నారు. తెలిసే ఉంటారు, అడగలేదంతే. డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో సొరోరిటీ పూర్వ సభ్యులు కొల్లలు. పాప ఇంగ్లిష్ టీచర్, కౌన్సెలర్, స్విమ్మింగ్ కోచ్, డెంటల్ ఆఫీసులో హైజీనిస్ట్, మీ ఆఫీసులో హెచ్ఆర్ ఆవిడ, మీవారి మేనేజర్ భార్య, రెండిళ్ళ అవతల కుక్కని తిప్పుకునే పెద్దావిడ. వీళ్ళెవరి నుదుటా గ్రీకు అక్షరాలు రాసి ఉండవు, అడిగితేనే తెలుస్తుంది. "మీరు కాలేజీలో సొరోరిటీలో ఉండేవారా? ఏది?" అన్న ప్రశ్న అక్కడ తప్పు కాదు, చాలామంది మురిసిపోయి చెబుతారు. లింక్డ్‌ఇన్‌లో చదువు కింద సొరోరిటీ పేరు వేసుకునేవాళ్ళు ఎక్కువ, మీకు ఇప్పటికే ఉన్న పరిచయస్తుల్లో వెతికితే ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఈ సొరోరిటీల్లో చేరి బయటికొచ్చిన అక్కలు కూడా ఇప్పుడున్నారు. తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెట్టి చూడండి.

ఇన్ని చేశాక కూడా ఖాళీలు మిగిలితే అలమ్నే పాన్‌హెలెనిక్ అసోసియేషన్ అని ఊరూరా ఉండే సంఘాల దగ్గరికి వెళ్ళాలి. అన్ని సొరోరిటీల పూర్వ సభ్యులూ కలిసి నడుపుకునేవి అవి. రష్‌కి వెళ్ళే అమ్మాయిలకీ తల్లులకీ సమాచార సమావేశాలు పెట్టేవీ, అమ్మాయి వివరాలు తీసుకుని ఆయా సొరోరిటీల వాళ్ళకి అందించేవీ వాటిలో చాలా ఉన్నాయి. సాధారణంగా తమ ఊరి హైస్కూళ్ళ పిల్లలకే చేస్తారు, గడువు దాటితే తీసుకోరు. సమావేశాలు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ లోపే అయిపోతాయి.

ఇక అడిగే పద్ధతి. ఈమెయిల్ పాప పేరు మీద, పాప చేత్తో వెళ్ళాలి. మన ఇళ్ళలో అమ్మ రాస్తుంది, పాపకి కాపీ పెడుతుంది. ఇక్కడ అది ఎదురుతిరుగుతుంది. చాప్టర్‌లో రేపు మాట్లాడాల్సింది పాపే కదా, ఒక ఈమెయిల్ కూడా తను రాసుకోలేదా అనిపిస్తుంది. మీరు పరిచయం చేయండి: "మా అమ్మాయి మీకు ఈమెయిల్ రాస్తుంది, వీలైతే చూడండి" అని ఒక మెసేజ్. అక్కడితో తప్పుకోండి.

పాప రాసే మొదటి ఈమెయిల్ ఇంగ్లిష్‌లో ఇంత ఉంటే చాలు, అర్థం తెలుగులో చెబుతున్నాను: "నా పేరు ఫలానా, ఫలానా హైస్కూల్లో సీనియర్‌ని. మీరు మా అమ్మతో కలిసి పనిచేస్తారు, పోయిన ఏడాది మీ ఆఫీసు ఫుడ్ డ్రైవ్‌లో కలిశాం. ఆగస్టులో అలబామాలో రిక్రూట్‌మెంట్‌కి వెళ్తున్నాను. మీ సొరోరిటీకి నా గురించి ఒక పరిచయం పంపడానికి మీకు ఇబ్బంది లేకపోతే నా వివరాలు పంపుతాను. వీలు కాకపోతే ఫరవాలేదు." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. కాదనడానికి దారి ఉంచాలి. ఆవిడ సభ్యత్వ బకాయిలు కట్టకపోయి ఉండొచ్చు, పోర్టల్ పాస్‌వర్డ్ మర్చిపోయి పదేళ్ళై ఉండొచ్చు, అది మీతో చెప్పుకోవడం ఇష్టం లేకపోవచ్చు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి. మళ్ళీ రాకపోతే వదిలేయండి.

ఆవిడ సరేనన్నాకే కాగితాలు పంపాలి. వెనకటికి ఫోల్డరు, రెండు కవర్లు, స్టాంపులు అని పెద్ద ప్యాకెట్ చేసేవారు. ఇప్పుడు రెక్ దాదాపు ఎక్కడైనా పూర్వ సభ్యురాలు తన లాగిన్‌తో ఆన్‌లైన్‌లో నింపేదే కాబట్టి ఒక ఈమెయిల్, మూడు అటాచ్‌మెంట్లు చాలు: ఒక పేజీ రెజ్యూమె, ముఖం స్పష్టంగా కనిపించే ఒక ఫొటో, అనధికారిక ట్రాన్‌స్క్రిప్ట్. ట్రాన్‌స్క్రిప్ట్‌లో పుట్టిన తేదీ, స్టూడెంట్ నంబరు, ఇంకేవైనా గుర్తింపు నంబర్లు ఉంటే నల్లగీత కొట్టి పంపండి, రెక్‌కి అవి అక్కర్లేదు. ఫొటో స్టూడియోలో తీయించక్కర్లేదు. పగటి వెలుతురులో, ఒక్కతే ఉన్నది, ఫిల్టర్ లేనిది చాలు. గ్రూపు ఫొటో కత్తిరిస్తే పక్కవాళ్ళ భుజం మిగిలిపోతుంది, చూడ్డానికి అదోలా ఉంటుంది. ఫైళ్ళకి పాప పేరుతో పేర్లు పెట్టండి. "రెజ్యూమె ఫైనల్ 3" అని వస్తే, పదిమంది పిల్లలవి పెట్టుకుని కూర్చున్నావిడకి ఎవరిదేదో తెలియదు.

ఈమెయిల్ లోపల కూడా నాలుగు వివరాలు విడిగా రాయాలి, ఎందుకంటే ఫారంలో మొదట అడిగేవి అవే: పూర్తి పేరు, హైస్కూల్ పేరు, జీపీఏ, వెళ్ళే యూనివర్సిటీ. జీపీఏ (మార్కుల సగటు) వెయిటెడా, అంటే కష్టమైన కోర్సులకి అదనపు పాయింట్లు కలిపినదా, అన్‌వెయిటెడా చెప్పాలి. 4.6 అని రాసి ఊరుకుంటే చదివేవాళ్ళకి అంతు చిక్కదు.

మన పిల్లల రెక్‌లు దారితప్పేది ఎక్కువగా పేరు దగ్గర. పాస్‌పోర్టులో లక్ష్మీ సాయి హాసిని, స్కూల్లో సాయి, ఇంట్లోనూ ఫ్రెండ్స్ దగ్గరా హాసిని అనుకోండి. యూనివర్సిటీ రికార్డు ప్రకారం రిక్రూట్‌మెంట్ జాబితాలో మొదటి పేరు లక్ష్మి అని పడుతుంది. పూర్వ సభ్యురాలు ప్రేమగా హాసిని అని రెక్ రాస్తారు. చాప్టర్‌లో వేల పేర్ల జాబితాతో రెక్‌లను జతచేసే అమ్మాయికి ఇద్దరూ ఒకరేనని తట్టదు, రెక్ ఎటూ చేరకుండా మిగిలిపోతుంది. ఇంటిపేరు ముందు రాసే అలవాటుంటే ఇంకా గందరగోళం. కాబట్టి రిజిస్ట్రేషన్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు రెజ్యూమె పైన పెట్టి, పిలిచే పేరు పక్కనే రాయండి. రిజిస్ట్రేషన్ ఫారంలో పిలిచే పేరుకి గడి ఉంటే దాన్నీ నింపండి. పేరు కింద ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటే రాసేవాళ్ళకీ సుఖం, రేపు గుమ్మంలో పాపని పిలిచేవాళ్ళకీ సుఖం.

రెజ్యూమెలో రెండో ఇబ్బంది, మనకి తెలిసినవి వాళ్ళకి తెలియకపోవడం. "కూచిపూడి రంగప్రవేశం, 2024" అని ఒక్క లైను రాస్తే డాలస్ హైజీనిస్ట్ ఆవిడకి ఏమీ అర్థం కాదు. అదే "పదేళ్ళ శిక్షణ తర్వాత రెండున్నర గంటల సోలో నృత్య ప్రదర్శన, 300 మంది ప్రేక్షకులు, సంగీతకారులతో రిహార్సల్స్ తనే ఏర్పాటు చేసుకుంది" అంటే పిల్ల ఎలాంటిదో కళ్ళకి కడుతుంది. "గుడిలో వాలంటీర్" కంటే "ప్రతి శనివారం భోజనాల దగ్గర 150 మందికి వడ్డించే జట్టులో రెండేళ్ళు" బాగుంటుంది. మనబడిలో చిన్నపిల్లలకి తెలుగు చెప్పి ఉంటే వారానికి ఎన్ని గంటలో, ఎన్నేళ్ళో రాయండి. సొరోరిటీలు పట్టించుకునేవి చదువు, నాయకత్వం, సేవ, నలుగురితో కలవడం. మన పిల్లల దగ్గర ఇవన్నీ ఉంటాయి. రెజ్యూమె చూస్తే మాత్రం ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల జాబితా, మ్యాథ్ పోటీల ర్యాంకులే కనిపిస్తాయి. ఏపీలను ఒక లైనుకి కుదించి, మిగిలిన చోటు మనుషులతో చేసిన పనులకివ్వండి.

ఇంత వివరం ఎందుకంటే రెక్ రాసే ఆవిడ చేతికి సరుకు మీరే అందించాలి. ఫారంలో చివర చిన్న పెట్టె ఉంటుంది, "ఈ అమ్మాయి గురించి చెప్పండి" అని. సరుకు లేకపోతే ఆవిడ రాసేది ఇలా ఉంటుంది: "ఎంతో తెలివైన, అందమైన, మర్యాద తెలిసిన పిల్ల. మీ చాప్టర్‌కి వన్నె తెస్తుంది." వందల రెక్‌లలో సగం ఇదే వాక్యం. సరుకుంటే ఇలా: "ఈమె తల్లి నా సహోద్యోగి. అమ్మాయిని రెండుసార్లు కలిశాను. మా ఫుడ్ డ్రైవ్‌లో డబ్బాలు సర్దడానికి వచ్చి, పని అయిపోయాక కూడా ఉండి కొత్త వాలంటీర్లకి దారి చూపింది. స్కూల్లో రోబోటిక్స్ జట్టు ఖర్చుల లెక్కలు చూసేది తనే. మొదట కాస్త మౌనంగా ఉంటుంది, నాట్యం గురించి అడగండి, ఆగదు." ఆ చివరి వాక్యం చాప్టర్‌కి నిజంగా ఉపయోగపడుతుంది. గుమ్మంలో పాపతో మాట కలపాల్సిన అమ్మాయికి మొదటి ప్రశ్న దొరికినట్టే. "రెండుసార్లు కలిశాను" అని ఉన్నదున్నట్టు చెప్పడం కూడా మంచిదే. ఎంతకాలంగా తెలుసు, ఎలా తెలుసు అని ఫారాలు అడుగుతాయి. చిన్నప్పటి నుంచి తెలుసని అబద్ధం రాయించకండి.

రెక్ పంపాక ఏమవుతుందో మీకు కనిపించదు. హెడ్‌క్వార్టర్స్ పోర్టల్ నుంచి చాప్టర్ రిక్రూట్‌మెంట్ చూసే విద్యార్థినికో, ఆమెకి సలహాదారుగా ఉండే పూర్వ సభ్యురాలికో అందుతుంది. రాసిన కాపీ మీకివ్వరు, అడగకూడదు. "అందిందా?" అని చాప్టర్‌కి ఫోన్ చేయడం ఇంకా తప్పు. పాప తన స్ప్రెడ్‌షీట్‌లో "పంపానన్నారు, ఫలానా తేదీ" అని రాసుకుంటే చాలు.

ఆగస్టు రిక్రూట్‌మెంట్‌కి లెక్క వెనక్కి వేసుకుంటే: జనవరి, ఫిబ్రవరిల్లో జాబితా, మార్చిలో అడగడం, ఏప్రిల్, మే నెలల్లో కాగితాలు పంపడం, జూన్ ఆఖరుకి ఆవిడలు ఫారం నింపేయడం. జూలైలో చాప్టర్లు జాబితాలు ముందేసుకుని కూర్చుంటాయి, ఆ తర్వాత వచ్చినవి హడావిడిలో పక్కకి పోతాయి. జనవరిలో రిక్రూట్‌మెంట్ పెట్టే క్యాంపసులైతే ఇదంతా సెప్టెంబర్, అక్టోబర్‌లకి జరపండి. ఆలస్యమైందనుకుంటే ఐచ్ఛికమైన చోట్లు వదిలేసి, రెక్‌ని ఇంకా పట్టించుకునే హౌసులకే ప్రయత్నించండి.

ఇప్పుడు చేదు సంగతి. ఇన్నీ సరిగ్గా కుదిరినా, హౌస్‌కో రెక్ ఉన్నా, రెండో రౌండుకి సగం హౌసులు పాప జాబితాలోంచి మాయం కావచ్చు. కారణం లెక్కల్లో ఉంది. అలబామాలో ఈమధ్య ఏటా 2,500 మందికి అటూ ఇటూగా అమ్మాయిలు వస్తున్నారు. మొదటి రౌండు ఓపెన్ హౌస్‌లో అందరూ అన్ని హౌసులూ చూస్తారు. ఆ తర్వాత ఫిలాంత్రఫీ, సిస్టర్‌హుడ్, ప్రిఫరెన్స్ రౌండ్లకి ఒక్కో హౌస్ ఎంతమందిని మళ్ళీ పిలవొచ్చో రిలీజ్ ఫిగర్స్ అనే పద్ధతి తేలుస్తుంది. గతంలో తాను పిలిచినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారన్నది దానికి ఆధారం. పిలిచిన ప్రతి పిల్లా వచ్చే హౌస్ తక్కువమందినే పిలవాలి, అంటే మొదటి రౌండు తర్వాతే పెద్ద సంఖ్యలో వదులుకోవాలి. ఉదాహరణకి 2,000 మందిని చూసి 900 మందిని పిలవగల హౌస్‌కి 1,500 రెక్‌లు వచ్చాయనుకోండి, రెక్ ఉన్నవాళ్ళలోనే కనీసం 600 మంది ఇంటికి పోవాలి. రెక్ బలం అంత.

జీపీఏ తక్కువైతే రెక్ కాపాడదు. ప్రతి చాప్టర్‌కీ ఒక కనీస గీత ఉంటుంది. చాలాచోట్ల అది 3.0 చుట్టుపక్కల, పోటీ ఎక్కువున్న క్యాంపసుల్లో ఇంకా పైన. గీత కింద ఉన్నవాళ్ళ పేర్లు మాట్లాడకముందే పోతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పిచ్చి ఫొటోలుంటే వాటినీ రెక్ కప్పిపెట్టదు. ఎవరైనా పూర్వ సభ్యురాలు "నేను రాస్తే బిడ్ ఖాయం" అంటే ఆవిడ పాన్‌హెలెనిక్ నియమం తప్పుతున్నట్టే, ముందే బిడ్ మాటివ్వడం ఎవరికీ చెల్లదు. డబ్బు తీసుకుని లెటర్ ఇప్పిస్తాననడం దానికంటే హీనం. పాపకి మాట్లాడ్డం, తయారవడం నేర్పుతామని ఫీజు తీసుకునే కన్సల్టెంట్లు వేరే ఉన్నారు. అది చట్టబద్ధమైన వ్యాపారమే, అవసరమా అంటే నా దృష్టిలో కాదు. మీకు మెసేజ్ పెట్టినావిడ అమ్ముతున్నది పరిచయం, అదీ లేని పరిచయం.

బహుమతుల సంగతి. మన పద్ధతిలో చీరో స్వీట్ల డబ్బానో పట్టుకెళ్తాం. రెక్ రాయకముందు ఏమీ ఇవ్వకండి, గిఫ్ట్ కార్డు అసలే వద్దు, బేరంలా ఉంటుంది. రాశాక పాప చేతిరాతతో ఒక థాంక్యూ కార్డు.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. డెల్టా సిగ్మా తీటా, ఆల్ఫా కప్పా ఆల్ఫా, జీటా ఫై బీటా, సిగ్మా గామా రో అనే నాలుగూ నల్లజాతి మహిళలు స్థాపించిన సొరోరిటీలు. 1930లో ఏర్పడ్డ నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్ కిందివి, పేరు దగ్గరగా ఉన్నా వేరే సంస్థ. వాటిలో చేరే పద్ధతి, కాలం, మర్యాద అన్నీ వేరు, ఆగస్టు రష్‌తో సంబంధం లేదు. ఆఫీసులో ఒకావిడ "నేను డెల్టా" అన్నారని రెక్ కాగితాలు ఆవిడకి పంపిస్తే ఇబ్బందిపడేది మీరే.

దక్షిణాసియా అమ్మాయిల కోసం పెట్టిన సొరోరిటీలూ ఉన్నాయి: హ్యూస్టన్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో మొదలైన కప్పా ఫై గామా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో మొదలైన సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లో పుట్టినవే. చిన్న చాప్టర్లు, సెమిస్టర్ మొదలయ్యాక పెట్టే పరిచయ కార్యక్రమాలకి వెళ్ళి మనుషులను కలిస్తే చాలు, ఈ రెక్ తతంగం ఉండదు. పాప వెళ్ళే క్యాంపస్‌లో ఇలాంటి చాప్టర్ ఉందేమో చూసుకోమనండి.

ప్రిఫరెన్స్ రౌండ్ అయ్యాక పాప తన ఇష్టాల వరస రాసి సంతకం పెట్టే ఒప్పందం దగ్గర మాత్రం ఫోన్‌లో తొందరపెట్టకండి. అందులో రాసిన హౌస్ నుంచి బిడ్ వచ్చాక వద్దంటే, అదే క్యాంపస్‌లో వచ్చే ఏడాది ప్రైమరీ (ప్రధాన) రిక్రూట్‌మెంట్ దాకా ఈ 26లో మరోదానిలో చేరే వీలుండదు. ఎవరో ఆంటీ రెక్ రాశారు కదా అని ఆ హౌస్‌ని పైన పెట్టమనడం సబబు కాదు. రాసినావిడ కూడా అలా ఆశించరు. బిడ్ డే, అంటే బిడ్లు చేతికిచ్చే రోజు, అయిన వారంలోగా, ఏ హౌస్‌లో చేరినా, అసలు ఎక్కడా చేరకపోయినా, రెక్ రాసిన ప్రతి ఒక్కరికీ పాప చేత ఒక ఈమెయిల్ రాయించండి: ఎక్కడ చేరిందో, థాంక్స్ అని. రెండు వాక్యాలు చాలు.